మూడు వేలమందికి ఒక్క రోజులో బాప్తిస్మం: లెక్క కుదురుతుందా? ఆ తర్వాత సువార్త ఏ దారిన పాకింది?

జామెడుపొద్దు

అపొస్తలుల కార్యములు మీద మూడు వారాల పాఠానికి వివరాలు కావాలి. రెండు ప్రశ్నలు.

ఒకటి, 2:41లో ఒక్క దినాన ఇంచుమించు మూడు వేలమంది చేరారని ఉంది. కొండమీది ఊరు యెరూషలేములో అన్ని నీళ్లెక్కడివి? ఎంతసేపు పట్టి ఉంటుంది?

రెండు, ముప్పై ఏళ్లు తిరక్కుండానే రోములో సంఘం ఉంది. ఇదంతా వీధుల్లో నిలబడి చేసిన ప్రసంగాల ఫలమేనా?

"దేవుడు చేశాడు" అన్న జవాబు నాకు తెలుసు, దానితో పేచీ లేదు. ఎవరి ఇంట, ఏ బాటన, ఎన్నాళ్లు అన్నది కావాలి.

లెక్కల_పలక

మొదటిది పలక మీద తేలిపోతుంది. పేతురు మాట మొదలెట్టేసరికి "ప్రొద్దుపొడిచి జామైనను కాలేదు", అంటే ఉదయం తొమ్మిది లోపు. ప్రసంగానికీ ప్రశ్నలకూ మధ్యాహ్నం దాకా వదిలేద్దాం. పన్నెండుగురు అపొస్తలులు ఇస్తే తలకు 250 మంది. మనిషికి నిమిషం చొప్పున నాలుగు గంటల పది నిమిషాలు. పొద్దుగూకకముందే అయిపోతుంది.

ఆ 3,000 కార్యములు రాసిన లూకా చెప్పిన అంకె, మనం సరిచూడటానికి ఇంకో లెక్క లేదు. "అసాధ్యం" అన్న వాదన మాత్రం నిలవదు.

గుండ్లకమ్మ_గట్టు

దీనికి మన ఒంగోలు దగ్గరే సాక్ష్యం ఉంది. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం అది. ఇచ్చింది ఆయన కాదు, అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. నీళ్లలో ఒకేసారి ఇద్దరే. వాళ్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. పెంతెకొస్తు (ఆ మూడు వేలమంది చేరిన పండగ రోజు) లెక్క గురించి అడిగినవాళ్లకు అప్పట్లో ఈ రోజునే చూపించేవారు.

ఇక్కడ ఒక సంగతి వదిలేయకూడదు. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కరవు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలికోసం, గింజలకోసం చేరారన్న మాట రాకూడదని. ఒక్క రోజులో అంతమంది నదికి రావడానికి అలా ఆగిన జనం కూడా కారణమే.

శిలాక్షరం

నీళ్ల సంగతి నేను చెప్తాను. ఆ కాలపు యెరూషలేములో గుడికి వెళ్లే ప్రతివాడూ ముందు మునిగి శుద్ధి చేసుకోవాలి. అందుకు రాతిలో తొలిచిన, మెట్లున్న తొట్లు ఉండేవి. వాటిని మిక్వే అంటారు. దేవాలయపు కొండ దక్షిణం మెట్ల చుట్టుపక్కల తవ్వకాల్లో ఇవి పదుల సంఖ్యలో బయటపడ్డాయి. నియమం ప్రకారం ఒక తొట్టిలో కనీసం 40 సెయాల నీళ్లుండాలి, మన కొలతలో మూడు వందల లీటర్ల పైమాటే. అవి వాననీళ్లో ఊటనీళ్లో కావాలి గానీ బిందెలతో తోడిపోసినవి పనికిరావు. ఇవికాక బేతెస్ద, సిలోయము కోనేర్లు. సిలోయము మెట్లు 2004లో తవ్వకంలో బయటపడ్డాయి.

పండక్కి వచ్చే వేలమంది మునగడానికే కట్టిన ఊరది. నీళ్లకు కరువుందన్న అనుమానం అక్కర్లేదు.

డేరాకుట్టు

రెండో ప్రశ్నే అసలుది. వీధి ప్రసంగం అనగానే మనకు మైకు, లారీ, జెండాలు గుర్తొస్తాయి. అపొస్తలుడు పౌలు పద్ధతి వేరు, అదీ ఊరూరా ఇంచుమించు ఒకటే.

ఊళ్లోకి రాగానే విశ్రాంతి దినాన సమాజమందిరానికి, అంటే యూదులు ప్రార్థనకు కూడే చోటికి వెళ్తాడు. అక్కడ ధర్మశాస్త్రం, ప్రవక్తల లేఖనాలు చదివాక, పొరుగూరి నుంచి వచ్చిన చదువుకున్న అతిథిని నాలుగు మాటలు చెప్పమనడం ఆనవాయితీ. పిసిదియ అంతియొకయలో (13:15) జరిగింది అదే. వేదిక, శ్రోతలు, చేతిలో గ్రంథం అన్నీ సిద్ధంగా దొరికేవి.

వినేవాళ్లలో యూదులు కానివాళ్లూ ఉండేవారు. మన బైబిల్లో "దేవునికి భయపడువారు" అని వస్తుందే, వాళ్లు. ఒక్క దేవుణ్ని ఒప్పుకున్నారు, లేఖనాలు విన్నారు, కానీ సున్నతి దగ్గర, భోజన నియమాల దగ్గర ఆగిపోయారు. గడప దాకా వచ్చి నిలబడ్డ జనం. "సున్నతి లేకుండానే లోపలికి రండి" అన్న మాట ముందు తగిలింది వీళ్లకే. సమాజమందిరపు పెద్దలకు కోపం వచ్చిందీ అందుకే. కొత్తవాడొచ్చి తమ చుట్టూ ఉన్న పలుకుబడి గలవాళ్లను, దాతలను పట్టుకుపోతుంటే ఎవరూరుకుంటారు?

గొడవయ్యాక మకాం మారేది. కొరింథులో సమాజమందిరం గోడ పక్కనే ఉన్న తీతియు యూస్తు ఇంటికి మారాడు, ఆ సమాజమందిరపు పెద్ద అయిన క్రిస్పు కూడా వెంట వచ్చేశాడు. అక్కడ ఉన్నది ఏడాదిన్నర. ఎఫెసులో మూడు నెలలు సమాజమందిరం, ఆ తర్వాత రెండేళ్లు తురన్ను పాఠశాల. ఒక పాత ప్రతి సంప్రదాయంలో "అయిదో గంట మొదలు పదో గంట వరకు" అని అదనంగా ఉంది. అంటే పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు. ఎండకు ఊరు కునుకు తీసే వేళ, పాఠశాల ఖాళీగా ఉండే వేళ. అదనపు మాటే కావచ్చు, కానీ రాసినవాడికి ఊరి పద్ధతి బాగా తెలుసు.

ఇక పౌలు బతుకుతెరువైన డేరాల పని. ఆరె, కత్తి, సూది: ఈ సరంజామా ఒక సంచిలో పడుతుంది, ఏ ఊళ్లోనైనా దుకాణంలో చోటు దొరుకుతుంది. అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసింది ఆ వృత్తి వల్లే. తోలు కుట్టేచోట చప్పుడు తక్కువ, కూర్చుని మాట్లాడొచ్చు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరంలో రాత్రింబగళ్లు పనిచేస్తూ ప్రకటించామన్నాడు, ఆ రెండు పనులకూ ఒకే వాక్యం.

కొత్తనీరు

నేను వేరేగా విన్నాను. హింసల భయంతో రోములో భూగర్భ సమాధుల్లో దాక్కుని ప్రసంగాలు చేసేవారట కదా? అక్కణ్నించే వ్యాపించిందట.

శిలాక్షరం

కాదండీ. కటకోంబులు శ్మశానాలు. అవి ఊరి బయట ఉన్నాయని రోము అధికారులకు తెలుసు, దాక్కోవడానికి అంతకంటే పిచ్చి చోటు ఉండదు. గాలాడని సన్నటి సొరంగాల్లో వందమందిని కూర్చోబెట్టి బోధించలేరు. పెద్దల సమాధుల దగ్గర స్మారక భోజనాలు, ప్రార్థనలు జరిగిన మాట నిజం, అంతే. పైగా సంఘం తవ్వించిన సమాధులు రెండో శతాబ్దం చివరి నుంచే కనిపిస్తాయి. అప్పటికి సువార్త రోము చేరి నూరేళ్లు దాటింది.

కూడినది ఇళ్లలో. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపొస్ అని కోట ఊరొకటి ఉంది. అక్కడ మామూలు ఇల్లొకటి 240 ప్రాంతానికి సంఘపు ఇల్లుగా మారింది. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి సుమారు 13 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు హాలు చేశారు. అరవై డెబ్బై మంది కూర్చోవచ్చు. ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి, లోతు మీటరులోపే. 256లో పర్షియన్ల ముట్టడికి ముందు కోటగోడను బలపరచడానికి గోడవెంట ఇళ్లను మట్టితో పూడ్చేశారు. అందుకే గోడ బొమ్మలతో సహా దక్కింది.

అరవై డెబ్బై అన్న అంకె మనసులో పెట్టుకోండి. అంతకుమించితే ఇల్లు చాలదు, ఇంకో ఇల్లు వెతుక్కోవాలి. పెరగడమంటే ఇళ్ల సంఖ్య పెరగడం.

లెక్కల_పలక

ఇదే మాటకు అంకెలు. రాడ్నీ స్టార్క్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడి అంచనా బాగా ప్రచారంలో ఉంది. క్రీ.శ. 40లో వెయ్యిమంది అనుకుని, పదేళ్లకు 40 శాతం చొప్పున పెంచుకుంటూ పొండి. క్రీ.శ. 100కు 7,530. 200కు సుమారు 2 లక్షల 18 వేలు. 300కు 63 లక్షలు. ఏడాదికి మూడున్నర శాతం లోపే. వందమంది ఉన్న గుంపులోకి ఏడాదికి ముగ్గురో నలుగురో వస్తే చాలు.

ఇది లెక్కగట్టిన నమూనా, జనాభా లెక్క కాదు. మొదటి వెయ్యి ఒక ఊహ. పెంతెకొస్తు మూడు వేలను నమ్మేవాళ్లకు అక్కడే అభ్యంతరం వస్తుంది. ఆ మూడు వేలలో చాలామంది పొంతు, కప్పదొకియ, రోము నుంచి పండక్కి వచ్చి తిరిగి వెళ్లిపోయినవాళ్లే అనుకోండి, అప్పుడు రెండో ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

డేరాకుట్టు

పలక గారి చివరి మాట బలమైనది. రోము సంఘాన్ని పౌలు పెట్టలేదు. ఆయన రోము చూడకముందే అక్కడివాళ్లకు ఉత్తరం రాశాడు, 16వ అధ్యాయంలో పాతికమందికి పైగా పేరుపేరునా వందనాలు చెప్పాడు. ఆ పేర్లలో చాలా భాగం దాసులకు, విడుదలైన దాసులకు పెట్టే పేర్లే. స్త్రీలు తక్కువేం లేరు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, సరుకు మోసేవాళ్లు, యజమానితో ఊళ్లు మారేవాళ్లు. మాట ఏ దారిన వెళ్లిందో ఆ జాబితాయే చెప్తోంది.

జామెడుపొద్దు

చాలా బాగుంది. మరి ఎక్కడా బెడిసికొట్టలేదా? పాఠంలో అన్నీ విజయాలే చెప్తే పిల్లలు నమ్మరు.

డేరాకుట్టు

బోలెడు. వరసగా చెప్తాను.

లుస్త్ర: భాష తెలియక. కుంటివాడు లేచి నడిచేసరికి జనం లుకయోనియ భాషలో కేకలేశారు. పౌలుకూ, వెంట ఉన్న బర్నబాకూ అర్థం కాలేదు. బర్నబాను ద్యుపతి అనీ, పౌలును హెర్మే అనీ (ఇద్దరూ గ్రీకు దేవుళ్లు) అనుకుని ఎడ్లను, పూదండలను తెచ్చేదాకా సంగతి తెలియలేదు. అప్పుడు బట్టలు చింపుకుని పరుగెత్తారు. అక్కడి ప్రసంగం చూడండి, అబ్రాహాము లేడు, దావీదు లేడు. వాన, పంటకాలం, ఆహారం. లేఖనం తెలియని ఊళ్లో ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే వెతుక్కున్నారు. ఆ జనమే తర్వాత రాళ్లు రువ్వింది.

ఫిలిప్పీ: డబ్బు. సోదె చెప్పే దాసి నుంచి దయ్యం పోయేసరికి యజమానుల రాబడి పోయింది. వాళ్లు న్యాయాధిపతుల దగ్గర రాబడి మాటెత్తలేదు. "వీళ్లు యూదులు, రోమీయులకు తగని ఆచారాలు నేర్పుతున్నారు" అన్నారు. ఎఫెసులో దేమేత్రియు ఇంకాస్త నిజాయితీపరుడు, వెండి గుళ్ల వ్యాపారం సంగతి ముందు చెప్పి అర్తెమి దేవి మహిమ తర్వాత చెప్పాడు.

థెస్సలొనీక: ఆతిథ్యం ఇచ్చినవాడికి దెబ్బ. యాసోను ఇంటి మీద పడి, అతని దగ్గర జామీను తీసుకున్నారు. బోధకుడు రాత్రికి రాత్రి వెళ్లిపోతాడు, ఇల్లిచ్చినవాడు ఊళ్లోనే ఉండాలి.

కొరింథు: బాప్తిస్మం ఇచ్చినవాడి పేరిట ముఠాలు. నేను క్రిస్పుకు, గాయియుకు, స్తెఫను ఇంటివాళ్లకు తప్ప ఇవ్వలేదు, అందుకు దేవునికి వందనాలు అని పౌలు రాసింది అందుకే. గుండ్లకమ్మ గారు చెప్పిన వెలుంపల్లిలో కూడా ఇచ్చినవాళ్లు స్థానిక బోధకులే అన్నది గమనించండి.

ఇంకొకటుంది, దీన్ని ఎవరూ పాఠంలో చెప్పరు. "ఇంటివారందరితో" బాప్తిస్మం అంటే ఇంటి యజమాని మారితే దాసులు కూడా మారినట్టేనా? ఫిలేమోను ఇంట్లోనే సంఘం కూడేది. అతని దాసుడు ఒనేసిము మాత్రం విశ్వాసి కాకుండానే ఉన్నాడు, పౌలు చెరలో ఉండగా అతని దగ్గరికి చేరాకే మారాడు. కాబట్టి అందరూ గొర్రెల్లా వెంట వచ్చేయలేదు.

తెరచాప

ప్రయాణం గురించి ఎవరూ చెప్పలేదు. కాలినడకన రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు. నెయపొలి రేవు నుంచి ఫిలిప్పీ 16 కిలోమీటర్లు, ఒక పూట. ఫిలిప్పీ నుంచి అంఫిపొలి, అపొల్లోనియల మీదుగా థెస్సలొనీకకు సుమారు 150, ఎగ్నాతియా రాళ్లబాట మీద అయిదారు రోజులు. పౌలు నడిచింది, అదీ ఫిలిప్పీలో బెత్తం దెబ్బలు తిన్న వీపుతో.

సముద్రం ఏడాది పొడవునా ఉండదు. మే చివర నుంచి సెప్టెంబరు నడిమి దాకా భయం లేదు. నవంబరు నడిమి నుంచి మార్చి మొదటి దాకా రేవులు మూతే. కార్యములు 27లో ఉపవాస దినం గడిచిపోయిందనీ, ప్రయాణం ప్రమాదమనీ పౌలు హెచ్చరిస్తాడే, అది సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వచ్చే ప్రాయశ్చిత్త దినం. వినలేదు. 276 మందితో ఓడ మెలితే దగ్గర బద్దలైంది. అందుకే చలికాలం ఎక్కడ గడపాలన్నది ఉత్తరాల్లో అంత పెద్ద విషయం. ఆ మూడు నాలుగు నెలల మకాంలోనే నిదానంగా బోధన జరిగేది.

సత్రాలంటే నల్లులు, దొంగలు, వేశ్యావృత్తి. అందుకని ఎవరో ఒకరి ఇల్లు కావాలి. ఇల్లు దొరక్కపోతే పర్యటనే లేదు.

క్రమగ్రంథం

ఆ ఆతిథ్యాన్ని వాడుకున్న మోసగాళ్లు కూడా ఉండేవారు. డిడఖే అని మొదటి శతాబ్దం చివరో రెండో శతాబ్దం మొదటో రాసిన చిన్న పుస్తకం ఉంది. చాలాకాలం కనబడక, 1873లో కాన్‌స్టాంటినోపిలులో దొరికింది. అందులో తిరుగు బోధకుల మీద నియమాలు చూడండి.

వచ్చినవాడు ఒక రోజు ఉండాలి. అవసరమైతే రెండో రోజు. మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీకి సరిపడా రొట్టె ఇవ్వండి. డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో "భోజనం పెట్టండి" అని చెప్పి తనే కూర్చుని తింటే, వాడూ అంతే. ఊళ్లో స్థిరపడతానంటే చేతిపని ఉందా అని చూడండి, లేకపోతే సోమరిగా కూర్చోకుండా ఏదో దారి చూపండి. ఇంత సూటిగా రాయాల్సి వచ్చిందంటే ఎందరు బోల్తా కొట్టించి ఉంటారో!

బాప్తిస్మం సంగతీ అందులోనే. పారే నీళ్లు మేలు. లేకపోతే వేరే నీళ్లు. చన్నీళ్లు కుదరకపోతే వేన్నీళ్లు. రెండూ తగినన్ని లేకపోతే తల మీద మూడుసార్లు పోయండి. తీసుకునేవాడు ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసముండాలి. మునగడమా, పోయడమా అని ఇప్పటి సంఘాలు తలలు పగలగొట్టుకునే ప్రశ్నకు వాళ్లు నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పేశారు.

వేదిక నిర్వాహకులు

ముంచడమా పోయడమా అన్న చర్చకు వేరే దారం ఉంది, దయచేసి అక్కడికి వెళ్లండి. ఇక్కడ వ్యాప్తి గురించే.

నీలిసిరా

ఉత్తరాల గురించి రెండు ముక్కలు. ఐగుప్తు ఇసుకలో దొరికిన మామూలు పపైరస్ ఉత్తరాలు సాధారణంగా వంద మాటలు దాటవు. రోమా పత్రిక గ్రీకులో 7 వేల మాటల పైన. చెబుతుంటే రాసినవాడు తెర్తియు, తన వందనం కూడా చేర్చాడు (16:22). చక్రవర్తి టపా ప్రభుత్వ పనికే, మామూలువాళ్ల ఉత్తరం తెలిసినవాళ్ల చేతనే వెళ్లాలి. అందుకే కెంక్రేయ సంఘపు ఫీబేకు 16:1-2లో ఆ సిఫారసు. ఉత్తరం మోసింది ఆమేనని ఎక్కువమంది పండితుల మాట. అందుకున్నవాళ్లలో చదవగలవారు కొద్దిమంది. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. కొలొస్సయులకు రాసింది లవొదికయలో కూడా చదివించండి, వాళ్లది మీరు చదవండి అన్నాడు. నకళ్లు తీయడం అలా మొదలైంది.

చుట్టలు వదిలి, మడిచి కుట్టిన పుస్తకాన్ని క్రైస్తవులు మిగతావాళ్లకంటే ముందే పట్టుకున్నారు. రెండువైపులా రాయొచ్చు, కావలసిన పుట చటుక్కున తీయొచ్చు.

భాష మీద ఒక ముక్క: "సువార్త" అని మనం అనువదించే గ్రీకు మాట సంఘం పుట్టించింది కాదు. క్రీ.పూ. 9 నాటి ప్రియేనే శాసనంలో అగస్తు చక్రవర్తి పుట్టినరోజును లోకానికి శుభవార్తల మొదలు అన్నారు. అదే మాటను సిలువ వేయబడిన ఒక యూదుడికి వాడేసరికి వినేవాడి చెవులు నిక్కబొడుచుకోవూ?

కొత్తనీరు

కటకోంబుల సంగతి సరిదిద్దినందుకు థాంక్సండీ. పౌలు తర్వాత ఎవరు? రెండో శతాబ్దంలో పెద్ద ప్రసంగీకుల పేర్లు ఒక్కటీ వినలేదు.

శిలాక్షరం

పేర్లు లేకపోవడమే జవాబు. 178 ప్రాంతంలో క్రైస్తవులను ఎండగట్టిన కెల్సుసు ఫిర్యాదు చూడండి. ఉన్ని వడికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, చదువురాని మొరటువాళ్లు యజమానుల ముందు నోరెత్తరట. పిల్లలను, ఆడవాళ్లను పక్కకు పిలిచి, "నాన్న మాట, పంతులు మాట వినకండి, రండి ఉన్ని దుకాణానికి" అంటారట. వెటకారం తీసేయండి, మిగిలినది పద్ధతి. ఇల్లు, అంగడి, పనివాళ్లు.

ఇంకోటి 112 ప్రాంతపు ప్లీనీ ఉత్తరం. బితూనియ-పొంతు గవర్నరు, త్రాజాను చక్రవర్తికి రాశాడు. పట్టణాలే కాదు, పల్లెలు, పొలాలు కూడా ఈ అంటుకు లోనయ్యాయి, గుళ్లు పాడుబడ్డాయి, బలిమాంసం కొనేవాళ్లు కరవయ్యారు అంటాడు. శిక్షలు మొదలయ్యాక అంగడి మళ్లీ పుంజుకుందట. విచారణలో కొందరు "మూడేళ్ల కిందటే మానేశాం" అన్నారు, మరికొందరు అంతకంటే ఎన్నో ఏళ్ల కిందట. వచ్చినవాళ్లంతా నిలవలేదు. పలక గారి మూడున్నర శాతం, వెళ్లిపోయినవాళ్లను తీసేశాక మిగిలిన అంకె అని గుర్తుంచుకోవాలి.

క్రమగ్రంథం

అలా జారిపోయేవాళ్లను చూసే తర్వాత గడప ఎత్తు పెంచారు. మూడో శతాబ్దపు రోముకు ముడిపెట్టే "అపొస్తలిక సంప్రదాయం" అనే క్రమం ఉంది. దాని కాలం మీద, రచయిత మీద గొడవలున్నాయి, పద్ధతి మాత్రం స్పష్టం. కొత్తవాణ్ని తెచ్చినవాళ్లే సాక్ష్యం చెప్పాలి. దాసుడైతే, యజమాని విశ్వాసి అయితే, యజమాని అనుమతి కావాలి. ఆపైన వృత్తి విచారణ. వేశ్యాగృహం నడిపేవాడు, గ్లాడియేటరు, నటుడు మానేయాలి లేదా వెనక్కి పోవాలి. విగ్రహాలు చెక్కేవాడు విగ్రహాలు మానాలి. బడిపంతులు మానేస్తే మంచిది, వేరే బతుకుతెరువు లేకపోతే సరే. ఈ చివరి సడలింపు నాకు ముచ్చటగా ఉంటుంది.

తర్వాత మూడేళ్లు బోధ వినడం. శ్రద్ధ ఉంటే కాలం చూడరు, నడత చూస్తారు: విధవరాళ్లను గౌరవించాడా, రోగులను చూడబోయాడా. చివరి వారం గురువారం స్నానం, శుక్రవారం ఉపవాసం, శనివారం రాత్రంతా జాగారం, కోడి కూసే వేళకు నీళ్ల మీద ప్రార్థన. ముందు పిల్లలు, తర్వాత మగవాళ్లు, చివర ఆడవాళ్లు. వాళ్లు జడలు విప్పి, నగలు తీసేయాలి. మూడు ప్రశ్నలు, మూడు "నమ్ముతున్నాను"లు, మూడు మునకలు. బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసంతో పాటు పాలూ తేనె కలిపిన గిన్నె, వాగ్దాన దేశానికి గుర్తుగా.

పెంతెకొస్తు నాడు పొద్దున విని సాయంత్రానికి చేరారు. రెండు వందల ఏళ్లకు మూడేళ్లు ఆగమన్నారు. అయినా సంఖ్య పెరుగుతూనే ఉంది.

జామెడుపొద్దు

మూడో వారానికి ఇది చాలు. ఒక్క చిన్న సందేహం. ఒళ్లంతా నూనె రాసేవారని చదివాను, ఆడవాళ్లకు ఎవరు రాసేవారు?

క్రమగ్రంథం

సిరియాలో మూడో శతాబ్దపు డిదస్కాలియా అనే నియమావళి ఈ ప్రశ్నకే జవాబిచ్చింది: నీళ్లలోకి దిగే స్త్రీలకు నూనె రాయడానికి స్త్రీ పరిచారకురాలు ఉండాలి. బిషపు తలమీద రాస్తాడు, మిగతాది ఆమె పని. బాప్తిస్మం పొందినవాళ్లకు ఆ తర్వాత నేర్పేది, అన్యుల ఇళ్లలో ఉన్న విశ్వాస స్త్రీలను మగవాళ్లు వెళ్లి చూడలేని చోట వెళ్లి చూసేది కూడా ఆమే. ప్లీనీ చిత్రహింస పెట్టి విచారించిన ఇద్దరు దాసీలను కూడా వాళ్ల సంఘం "పరిచారకురాళ్లు" అనే పిలిచేదని ఆయనే రాశాడు. ఇది రెండో వారంలో పెట్టండి, ఫీబే పక్కన.